సీటును తిరగేసి కొనాలి

మా నాన్నగారి మారుతి 800లో డ్రైవరు సీటు ఒక పక్కకు ఒరిగి చాలా ఏళ్లయింది. ఆయన దానికి కనిపెట్టిన వైద్యం ఒక చిన్న దిండు. అది తొడ కింద దోపుకుని బందరు దాకా నడిపేవారు. 1998 మోడలు బండి. పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ వస్తున్నాం. ఒకరోజు బ్రేకు తొక్కగానే సీటు ఒక గాడి ముందుకు జారింది. ఇది దిండుకు లొంగే జబ్బు కాదని అప్పుడు తేలింది.

సీటు కొనే ముందు పాతదానిలో ఏం పోయిందో తెలియాలి. పైన కవరు, దాని కింద ఫోము, ఆ కింద స్ప్రింగులు అల్లిన ఇనప చట్రం, అన్నిటికీ అడుగున ముందుకూ వెనక్కూ జరిపే పట్టాలు. కవరూ ఫోమూ పోతే సీట్లు కుట్టే కొట్లో బాగుచేయించుకోవచ్చు, వేరే సీటు అక్కర్లేదు. వీపు భాగం పట్టుకుని గట్టిగా ఊపండి. కటకటమంటే వాల్చే గేరు అరిగినట్టు. లివరు వదిలాక కూడా సీటు కదులుతుంటే పట్టాల పళ్లు పోయినట్టు. మా బండికి ఈ రెండు రోగాలూ ఉన్నాయి.

తర్వాత కొలతలు. ఇక్కడ బద్ధకిస్తే రెండుసార్లు తిరగాలి. 800 అనే పేరుతో 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా బండ్లు తయారయ్యాయి, మధ్యలో 1986లో బాడీయే మారిపోయింది. కాబట్టి కొట్లోకి వెళ్లి '800 సీటు' అంటే చాలదు. సీటు విప్పి, పట్టాల కింద అట్ట పరిచి, బోల్టు కన్నాలన్నీ పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను. ఫోన్లో ఉన్న నలభై ఫొటోలకన్నా ఆ అట్టముక్కే ఎక్కువ పనికొచ్చింది. సీటు బెల్టు కొక్కెం సీటుకు బిగించారా, ఫ్లోరుకు బిగించారా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి.

విజయవాడ ఆటోనగర్‌కు మా మెకానిక్ బాబాయ్‌ని వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్లాను. లారీ బాడీల సుత్తి మోత ఇంకా పుంజుకోలేదు. టేపు, టార్చి, చేతి గుడ్డ, అట్ట నా సంచిలో ఉన్నాయి. పాత సామాన్ల కొట్లో కుర్రాడు ముందుగా చూపించింది మెరిసే సీటు. కవరు మీద మడత కూడా లేదు. "ఎడం పక్కది బాబూ, లివరు ఎటుందో చూశావా?" అన్నాడు బాబాయ్. లివరు తలుపు వైపు ఉండాలి. డ్రైవరు సీటు రోజూ మోస్తుంది, పక్క సీటు ఎప్పుడో ఒకసారి మోస్తుంది. అందుకే కొట్లో ఎడమ సీట్లు కొత్తగా, కుడి సీట్లు ముసలిగా కనిపిస్తాయి. అరిగిన సీటుకు వెల్డింగు వేస్తే సరిపోద్దని ఎవరన్నా చెప్తారు, వినకండి. బ్రేకు పడ్డప్పుడు మన బరువంతా ఆ అతుకు మీదే పడుతుంది.

కుడి సీట్లు మూడు దొరికాయి. మూడింటినీ తిరగేయించాం. సీటు బేరంలో అసలు పని ఇదే. మొదటిదాని పట్టాలకు నల్ల రంగు తాజాగా కొట్టి ఉంది. గోటితో గీకితే కింద తుప్పు పొరలు. రెండోది పైకి బాగానే ఉంది, కానీ టార్చి వేస్తే పట్టా లోపల సన్నటి ఒండ్రు చార కనిపించింది. ఫోములోకి ముక్కు పెడితే చెరువు వాసన. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు నీళ్లలో నానాయో ఈ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ సీటు ఏ బండిదో నాకు తెలియదు, అడిగినా చెప్పలేదు. నీళ్లలో నానిన సీటును ఎంత ఉతికినా స్ప్రింగులను తుప్పు లోపల్లోపల తింటూనే ఉంటుంది. మూడోదాని కవరు చిరిగి ఫోము బయటికి వచ్చింది, చూడ్డానికి దరిద్రంగా ఉంది. చట్రం మాత్రం వంకర లేదు, ఎక్కడా వెల్డింగు మచ్చ లేదు, ప్రతి గాడిలోనూ టక్కుమని పడింది. నేలమీద పెట్టి కూర్చుని వెనక్కి బలంగా వాలాను. కిమ్మనలేదు. అట్ట పెట్టి చూస్తే కన్నాలన్నీ కలిశాయి.

కవరు చిరుగు బేరానికి మన వైపు సాక్షి. 3000 చెప్పాడు, 1800కి దిగాడు. నాలుగు బోల్టులూ ఇచ్చాడు. సరిపోకపోతే రెండ్రోజుల్లో వెనక్కి తీసుకుంటానని చీటీ మీద రాయించుకున్నాం.

ఇంటికి తెచ్చి కవరు విప్పితే రూపాయి బిళ్లలు మూడు, ఒక జడపిన్ను, అరిగిపోయిన టోల్ రసీదు బయటపడ్డాయి. నల్లులు కూడా ఉండొచ్చు, అందుకే రెండు రోజులు మిట్టమధ్యాహ్నం ఎండలో పడేయాలి. పట్టాల్లో మట్టి గీకి, కిరసనాయిలుతో తుడిచి, గ్రీజు పల్చగా రాశాం. ఎక్కువ రాస్తే దుమ్ము పట్టి మళ్లీ మొదటికొస్తుంది.

బిగింపు పని గంట కూడా పట్టదు. సీటు వెనక్కి జరిపి ముందు బోల్టులు, ముందుకు జరిపి వెనక బోల్టులు. ఒక్క సంగతి మరవకూడదు: బిగించకముందే రెండు పట్టాలూ ఒకే గాడిలో ఉండాలి. లేకపోతే సీటు ఐమూలగా కూర్చుని జన్మలో జరగదు. నాలుగు బోల్టులూ ముందు చేత్తోనే రెండు మూడు చుట్లు తిప్పి, ఆ తర్వాతే పానా పట్టాలి. సీటులో ఎయిర్‌బ్యాగు ఉండే కొత్త కార్లకు ఈ పని ఇంట్లో చేయకండి, మా 800కు ఆ బెడద లేదు. ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడిపి నాలుగుసార్లు గట్టిగా బ్రేకు కొట్టాను. కదల్లేదు. వారం తర్వాత బోల్టులు మళ్లీ ఒకసారి బిగించాను.

కవరు కుట్టించి వచ్చాక నాన్నగారు వచ్చి, అలవాటు కొద్దీ దిండు వేసుకుని కూర్చున్నారు. తల పైకప్పుకు తగిలింది. దిండు తీసి వెనక సీట్లోకి విసిరేసి, "తాళం ఇవ్వరా" అన్నారు.