పెమ్ఫిగస్‌తో డ్యూటీకి వెళ్తున్నారా? డి విటమిన్ సంగతి చూసుకోండి

నోట్లో పుళ్లు, ఒంటి మీద నీటి పొక్కులతో సెలవు పెట్టి, కాస్త తేరుకుని డ్యూటీలో చేరిన పెమ్ఫిగస్ రోగికి ఆఫీసులో ముందు దొరికేది ఉచిత సలహా. "పొద్దున్నే ఎండలో నిలబడు, డి విటమిన్ వస్తే అంతా మానిపోతుంది" అంటారు. వినండి, పాటించకండి. ఎండ కొందరిలో పొక్కుల్ని మళ్లీ రేపుతుంది. సైటు మీద, రోడ్డు మీద పనైతే కొన్నాళ్లు నీడపట్టున డ్యూటీ వేయమని అడగండి.

ఈ రోగుల్లో డి విటమిన్ తక్కువగా ఉంటోందని పలు దేశాల పరిశోధనల్లో కనిపించింది. లోపం వల్ల జబ్బు ముదిరిందా, జబ్బుతో గడప దాటక లోపం వచ్చిందా అన్నది పండితుల చర్చ. జీతం మీద బతికేవాళ్లు పట్టించుకోవలసింది ఎముకల్ని. ఈ జబ్బుకు రాసే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ నెలల తరబడి వాడితే ఎముక గుల్లబారుతుంది, అదీ మొదటి నెలల్లోనే ఎక్కువ. బస్తాలు మోసే హమాలీకి వెన్నుపూస కుంగిందంటే పొక్కులు మానినా పని పోయినట్టే. అందుకే స్టెరాయిడ్ రాసినప్పుడే 25-హైడ్రాక్సీ విటమిన్ డి రక్తపరీక్ష, ఎముకల డెక్సా స్కాన్ అవసరమా అని డాక్టర్ని అడగండి. పరీక్షలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాములకు తగ్గితే సాధారణంగా లోపం కింద లెక్క.

లోపముంటే తరచుగా రాసేది 60,000 యూనిట్ల సాచెట్. వారానికి ఒకటి, డాక్టర్ చెప్పినన్ని వారాలే. బలానికని రోజూ తాగేవాళ్లున్నారు! అలా చేస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీలకు దెబ్బ. షిఫ్టులు మారేవాళ్లు వీక్లీ ఆఫ్‌ని నమ్ముకోవద్దు, అదీ మారుతుంటుంది. ఏ ఆదివారమో ఖాయం చేసుకుని ఫోన్లో అలారం పెట్టుకోండి. కాస్త నూనో నెయ్యో ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. డాక్టర్ కాల్షియం కూడా రాసి, మీరు థైరాయిడ్ మాత్ర వాడుతుంటే, ఆ రెంటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి.

క్యాంపుకెళ్లేటప్పుడు స్టెరాయిడ్ మాత్రలు రెండు మూడు రోజులకు అదనంగా పెట్టుకోండి. ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం.

మళ్లీ సెలవు పెట్టాల్సి వస్తే, ఈఎస్ఐ వర్తించి, చందా రోజులు సరిపోతే, అక్కడి డాక్టర్ సర్టిఫికెట్ మీద ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం వస్తుంది. ఆఫీసులో ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్లో మాత్రం "ఇది అంటువ్యాధి కాదు" అన్న వాక్యం రాయించుకోండి. క్యాంటీన్లో గ్లాసు వేరే పెట్టమనేవాళ్లకు చూపించడానికి పనికొస్తుంది.