ఎన్నికల అధికారికి ఎన్నిక ఉంటుందా?

ఎమ్మెల్యేను మనమే ఎన్నుకుంటాం. మరి ఆ ఎన్నికలు జరిపే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారిని ఎవరు ఎన్నుకుంటారు? ఎవరూ ఎన్నుకోరు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వాన్ని సంప్రదించి, ఎన్నికల సంఘమే నియమిస్తుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ పని చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌ను ప్రజలే ఓటేసి ఎన్నుకుంటారు. 2018లో జార్జియాలో బ్రయాన్ కెంప్ ఆ పదవిలో ఉంటూనే గవర్నర్‌గా పోటీ చేసి గెలిచారు. ఆటగాడే అంపైర్ అయితే ఎలా అని విమర్శలొచ్చాయి.

2023లో మన కామారెడ్డిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఓడిపోయారు. ఎల్లారెడ్డిలోనూ అధికార పార్టీ ఓడింది. ఓడినవారు కూడా ఫలితాన్ని ఒప్పుకోవాలంటే అంపైర్ ఏ పార్టీకీ చెందకూడదు.

మిత్రులారా, 18 ఏళ్లు నిండగానే ఫారం 6 నింపుదాం. సొంతూళ్లోనైనా, హాస్టల్ ఉన్న ఊళ్లోనైనా సరే, పేరు మాత్రం ఒక్కచోటే ఉండాలి.