విరాటరాజు దిబ్బకు వెళ్లే ముందు

ఖమ్మం

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

ముక్కోటికి భద్రాచలం వెళ్తూ దారిలో నేలకొండపల్లి చూస్తారని, మీ స్నేహితులు కూడా వస్తున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది తల్లీ. నేలకొండపల్లి అంటే అందరికీ కంచర్ల గోపన్న గుర్తొస్తాడు. మీరు దర్శించబోయే భద్రాద్రి గుడి కట్టించిన రామదాసు ఆయనే, ఆయన పుట్టిన ఊరు అదే. కానీ ఆయన పుట్టేనాటికే ఊరి పక్కన దిబ్బకింద ఇంకో ఊరు ఎన్నో వందల ఏళ్లుగా నిద్రపోతోంది. దాన్ని ఎలా చూడాలో నాకు తెలిసినంత చెబుతాను. తొందరపడకుండా చదువు.

ముందు రోజు సాయంత్రానికే ఖమ్మం వచ్చెయ్యండి. సూర్యాపేట వైపు నుంచి వస్తే దారిలో కూసుమంచి తగులుతుంది. అక్కడి కాకతీయుల గణపేశ్వరాలయంలో కాసేపు ఆగండి. అంత పెద్ద శివలింగం ముందు మనిషి తనంతట తనే మాట తగ్గిస్తాడు. రాత్రికి మన ఇంట్లో పడుకుని తెల్లవారుజామునే నేలకొండపల్లి బయల్దేరాలి. ఎందుకంత పొద్దున్నే అంటావేమో. మిట్టమధ్యాహ్నం దిబ్బ అంతా ఒకేలా కనబడుతుంది. ఎండ ఏటవాలుగా పడినప్పుడే నేలమీది చిన్న చిన్న ఎత్తుపల్లాలకు నీడలు వస్తాయి. ఆ నీడల వరస చూస్తుంటే ఎక్కడ గోడ ఉండేదో, ఎక్కడ దారి ఉండేదో కొంత ఊహ అందుతుంది.

సుమారు 100 ఎకరాల మట్టికోట అది. పురావస్తు శాఖవారు తవ్వితే మహాస్తూపం, విహారాల పునాదులు, బావులు, నీటి తొట్లు, మట్టిబొమ్మలు, ఒక కంచు బుద్ధవిగ్రహం, సున్నపురాయిలో చెక్కిన చిన్న స్తూపం బయటపడ్డాయి. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల నాటివన్నారు. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో ఇక్ష్వాకులు ఏలిన రోజులు కూడా దాదాపు అవే.

ఊరు ఎలా పూడిపోతుందని చిన్నప్పుడు నన్ను అడిగావు గుర్తుందా? అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఒక్క రోజులో మింగేసే భూకంపమే రానక్కర్లేదమ్మా. మట్టిగోడ కూలితే చదును చేసి దానిమీదే కొత్త గోడ లేపుతారు. పొయ్యిలో బూడిద, పగిలిన కుండలు, పశువుల పేడ తరాల తరబడి అక్కడే పడతాయి. నేల ఎత్తు పెరుగుతూ పోతుంది. జనం వెళ్లిపోయాక మిగతా పని వానా గాలీ చేస్తాయి. అలా మిగిలినదాన్నే మనవాళ్లు పాటిదిబ్బ అంటారు. ఆ బూడిదా పేడా కలిసిన పాటిమన్ను పొలానికి మంచి ఎరువు. అందుకే పల్లెపల్లెలో రైతులు పాటిమన్నును బళ్లతో తోలుకున్నారు. వాళ్లను తప్పు పట్టను. పంట కోసం తోలుకున్నారు, అందులో చరిత్ర ఉందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

నా సంగతి వేరు. పన్నెండేళ్లప్పుడు ఆ దిబ్బ మీంచి ఒక ఇటుక తెచ్చాను. ఇప్పటి ఇటుకకు రెండింతల పొడవు, రెండు చేతులా ఎత్తాల్సినంత బరువు. విరిగిన అంచులో సన్నసన్నటి గాట్లు కనబడేవి. మట్టిలో కలిపిన ఊక ఆవంలో కాలిపోగా మిగిలిన జాగాలవి. ఒక మూలన ఎవరి వేలో తడిమట్టిలో దిగబడ్డ గుర్తు కూడా ఉండేది. మా అమ్మ దాన్ని నీళ్లకుండ కింద పెట్టుకుంది. తర్వాత తవ్వకాలు జరుగుతున్నప్పుడు సిగ్గుపడి తిరిగి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన కోప్పడలేదు. “ఎక్కడ దొరికింది? ఏ గోడలోది? ఎంత లోతున?” అని మాత్రం అడిగారు. నాకేం తెలుసు? ఆయన దాన్ని ఓ పక్కన పెట్టేశారు. దాదాపు పదిహేడు వందల ఏళ్లు భద్రంగా ఉన్న మాటను నేను ఒక్క పూటలో పోగొట్టాను. చోటు తప్పిన ఇటుక మూగది బుజ్జీ. అందుకే చెబుతున్నాను, గోరంత పెంకు కూడా తియ్యకు, మీ వాళ్లను తియ్యనివ్వకు. గుప్తనిధులంటూ రాత్రిపూట తవ్వేవాళ్లకు బంగారం దొరికినా దొరక్కపోయినా, ఆ గుంటలో పోయినదాన్ని ఇంకెవరూ చదవలేరు.

ఇంకో మాట. అక్కడ మేకలు కాసుకునే తాతలు కనబడితే, ఇది విరాటరాజు ఏలిన ఊరనీ, భీముడు కీచకుణ్ని చంపింది ఇక్కడేననీ చెబుతారు. “కాదు, ఇది బౌద్ధుల స్తూపం” అని వెంటనే సరిదిద్దకు. కూర్చుని పూర్తిగా విను. రాజస్థాన్‌లో బైరాట్ అనే ఊరుంది. అక్కడా ఇదే జరిగింది. ఊరివాళ్లు విరాటనగరమంటారు, తవ్వితే మౌర్యుల నాటి బౌద్ధ చైత్యం బయటపడింది. వానలు కురవకపోతే విరాటపర్వం చదివించుకునే జాతి మనది. ఎవరిదో తెలియని కోటను అనాథగా వదల్లేక, తమకు బాగా ఇష్టమైన కథకు అప్పగించారు. పాండవులు మారుపేర్లతో తలదాచుకున్న నగరం పేరే ఆ దిబ్బకు దొరికింది. ఆ పేరుతోనే బుద్ధుడి ఊరు ఇన్నాళ్లూ అజ్ఞాతవాసం చేసింది. పేరంటూ ఉన్నందుకే జనం దాన్ని మరిచిపోలేదు.

ముందుకెళ్లాక కూడా ఇదే చూస్తావు. పర్ణశాలలో వాగు పక్క బండలు చూపించి సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులంటారు. పినపాక అడవుల్లో జానంపేట దగ్గర ఎప్పటివో పెద్ద రాళ్ల సమాధులున్నాయి. అలాంటివాటిని మనవైపు రాకాసిగుళ్లంటారు. అడవి అంచున బతికేవాళ్లు ఏ రాయినీ కథ లేకుండా విడిచిపెట్టరు. ఇటుక ఏం చెబుతుందో ఇటుకనడుగు, తాత ఏం చెబుతాడో తాతనడుగు. రెండూ వినే ఓపిక నేర్చుకో. ఒకదానితో ఇంకోదాని నోరు నొక్కకు.

మళ్లీ దిబ్బ దగ్గరికి వస్తే, స్తూపానికి లోపల గర్భగుడి ఉండదు, తలుపుండదు. దాని చుట్టూ నడవడమే పూజ. గుళ్లో తిరిగినట్టే కుడివైపు ఉంచుకుని మూడుసార్లు మెల్లగా తిరగండి. మొదటిసారి ఫోన్లు సంచిలోనే ఉండనివ్వండి. ఫొటోలు రెండో చుట్టులో తీసుకోవచ్చు. మూడోసారి మాత్రం మాట్లాడకుండా నడవాలి. గంట మోగదు, హారతి ఉండదు, ప్రసాదం పెట్టేవారుండరు. పిట్టల అరుపులే వినిపిస్తాయి. సాయంత్రానికి మీరు భద్రాచలం జనంలో, గోదావరి తెప్పోత్సవం వెలుగుల్లో ఉంటారు. ఆ సందడి మధ్య ఒక్కసారి పొద్దుటి దిబ్బను తలుచుకో. విహారంలో దీపం వెలిగించినవాళ్లకూ మన ఊరు ఎప్పటికీ ఇలాగే ఉంటుందనే అనిపించి ఉంటుంది. ఉన్నంతకాలం ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలన్నది నాకు ఆ దిబ్బ దగ్గరే తెలిసింది.

పుష్యమాసం, పొద్దున చలి గట్టిగా ఉంటుంది. శాలువా తెచ్చుకో. పల్లేరుముళ్లు, పాముల భయం ఉంది, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. మీ అత్తయ్య ఉప్మా కట్టిస్తానంది. ఐదింటికి లేపుతాను. మోకాళ్లు సహకరిస్తే నేనూ వస్తాను, ఆ ఇటుక పెట్టిన చోటు చూపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య