చింతచెట్టు బొంత

కంచన్‌బాగ్ నుంచి అఫ్జల్‌గంజ్ పోతే మూసీ వంతెన అవతల ఉస్మానియా ఆసుపత్రి ఉంది. దాని ఆవరణలో ఒక పెద్ద చింతచెట్టు ఉంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఇళ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి. వేలమంది చనిపోయారు. ఈ చెట్టెక్కినవాళ్లు సుమారు 150 మంది బతికారు. వరద తగ్గేదాకా కొమ్మలు పట్టుకుని ఉన్నారు. చింతచెట్టు మీద దయ్యాలుంటాయని పిల్లల్ని భయపెడతారు గానీ, ఈ చెట్టు ప్రాణాలు నిలిపింది. ఏటా ఆ రోజున కొందరు దాని కింద చేరి ఆ వరదను గుర్తు చేసుకుంటారు.

ఈ చెట్టును బొంత మీద కుట్టుకోవచ్చు.

రెండు పాత నూలు చీరలు కావాలి. ఒక్కోటి సగానికి మడిస్తే నాలుగు పొరలవుతాయి. మధ్యలో దూది వద్దు. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి, హాఫిజ్ బాబానగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. దూది బొంత తడిస్తే బరువెక్కుతుంది, ఒక పట్టాన ఆరదు. చీరల బొంత తొందరగా ఆరుతుంది.

చెట్టుకు టైలరు దుకాణంలో మిగిలిన ముక్కలు చాలు. ముందు వాటిని ఉతికి ఆరబెట్టాలి. లేకపోతే తర్వాత ముడుచుకుపోతాయి. ఎర్ర గుడ్డ రంగు పోతుందేమో వేరే నీళ్లలో నానబెట్టి చూడాలి.

మానుకు, కొమ్మలకు గోధుమరంగు ముక్కలు కత్తిరించాలి. అంచులు లోపలికి మడిచి, పై పొర మీద మాత్రమే కుట్టాలి. అన్ని పొరలూ కలిపి కుడితే మందమై సూది దించడం కష్టమవుతుంది. చింతాకు చాలా చిన్నది. గుడ్డతో చేయడం కుదరదు. ఆకుపచ్చ దారంతో సన్నని ఈనె వేసి, అటొక పోటు, ఇటొక పోటు వేస్తే సరి. కొమ్మల మీద మనుషులకు రంగు దారాల ముడులు వేయాలి. 150 ముడులంటే ఓపిక కావాలి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే లెక్క వాళ్లే పెడతారు.

చెట్టు అయ్యాక పొరలన్నీ పరిచి, నడుమ నుంచి అంచులకు కుట్టుకుంటూ పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో ముడతలు పడతాయి. వరుసకూ వరుసకూ రెండు వేళ్ల ఎడం చాలు.

కింద మూలన 1908 అని కుట్టాలి. పక్కన కుట్టినామె పేరు ఉండాలి. పేరును ముందు సుద్దముక్కతో రాసుకుని, గీత మీద కాడకుట్టు వేయాలి. ఒత్తుల దగ్గర కుట్టు చిన్నదిగా పడాలి. లేకుంటే అక్షరాలు కలిసిపోయి పేరు చదవరాదు.