మదురైలో ఒక రోజు

అర్ధసంవత్సరపు పరీక్షలు ముగిశాక, కోయంబత్తూరులోని మా తెలుగు విద్యార్థులను మదురైకి విహారయాత్రకు తీసుకొని వెళ్లాము. తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరిన బస్సు పల్లడం, ధారాపురం, దిండిగల్లు దాటి తొమ్మిది గంటలకు వైగై నది ఒడ్డుకు చేరింది. మీనాక్షి అమ్మవారిని దర్శించుకొని, ఇడ్లీలు తిని, తిరుమల నాయకుని మహలుకు నడిచాము.

బయటి నుండి చూస్తే లోపల ఇంత ఉన్నదని ఎవరూ అనుకోరు. ద్వారం దాటగానే విశాలమైన ముంగిలి, చుట్టూ బ్రహ్మాండమైన స్తంభాలు. ముగ్గురు పిల్లలు చేతులు కలిపి చుట్టినా ఒక్క స్తంభం వారి పట్టుకు అందలేదు. మొత్తం 248 స్తంభాలని చెబుతారు. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి పూత పూశారట. తాకి చూస్తే నున్నగా, చల్లగా ఉన్నది.

తిరుమల నాయకుడు 1623 నుండి 1659 వరకు రాజ్యం చేశాడు. 1636లో ఈ మహలు కట్టించాడు. అదే కాలంలో ఆగ్రాలో తాజ్‌మహలు నిర్మాణం జరుగుతున్నది.

“సార్, రాజుగారు ఇంట్లో మన మాటే మాట్లాడేవారా?” అని ఏడవ తరగతి అమ్మాయి అడిగింది.

“అవునమ్మా. విజయనగర రాజుల ప్రతినిధులుగా వచ్చిన ఈ నాయకులు తెలుగువారే. ఇప్పుడు మనం చూస్తున్నది ఆనాటి మహలులో నాలుగో వంతు మాత్రమే.”

“మిగతాది ఎవరు పడగొట్టారు? శత్రువులా?”

“కాదు, మనుమడే. చొక్కనాథుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చినప్పుడు ఇక్కడి భాగాలు ఊడదీయించి అక్కడికి తరలించాడు. మిగిలినదాన్ని 1866 నుండి 1872 వరకు చెన్నపట్నం గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు బాగుచేయించాడు. పోయిన దానిలో ఒక ముక్క ఈ దగ్గరలోనే ఉన్నది. సాయంత్రం చూద్దాం.”

మధ్యాహ్నం వండియూరు తెప్పకుళానికి వెళ్లాము. దీన్ని 1645లో తిరుమల నాయకుడే కట్టించాడు. పొడవు సుమారు వేయి అడుగులు. మహలు ఇటుకలకు మట్టి తవ్విన గొయ్యే ఇది అని మదురైవారు చెప్పుకుంటారు. గొయ్యిని గొయ్యిగా వదలక మెట్లు కట్టి, నడుమ దీవిలో మంటపమూ తోటా అమర్చడం నాకు మహలు కన్నా నచ్చింది. తై పూసం నాడు దేవుళ్లు ఇక్కడే తెప్పమీద విహరిస్తారు.

తరువాత తముక్కం. ఇది రాణి మంగమ్మ వేసవి విడిది. ఆమె చొక్కనాథుని కోడలని పిల్లలు పొరబడ్డారు, భార్య. మనుమడు పసివాడుగా ఉన్నప్పుడు రాజ్యాన్ని తానే నడిపింది. ఆ మనుమడు విజయరంగ చొక్కనాథుడు పెద్దవాడై తెలుగులో వచన గ్రంథాలు రాశాడు. 1959 నుండి ఆ భవనంలో గాంధీ స్మారక సంగ్రహాలయం ఉన్నది.

సాయంత్రం, మాట ఇచ్చిన ప్రకారం, మహలు వెనుకటి భాగానికి గుర్తుగా మిగిలిన పది స్తంభాల సందుకు వెళ్లాము. ఇళ్ల నడుమ పది స్తంభాలు, పైకప్పు లేకుండా నిలబడి ఉన్నాయి. పిల్లలు లెక్కపెడుతుండగా పూలమ్మే ఒక అవ్వ దగ్గరకు వచ్చింది.

“మీరు మనవాళ్లా? ఏ ఊరు?”

“కోయంబత్తూరు అవ్వా.”

“తెలుగు చదువుతారా? నాకు మాట వస్తుంది, రాత రాదు. మా పిల్లలకూ రాదు.” అవ్వ ఇంటిలోనికి వెళ్లి నాలుగు మడతల కాగితం తెచ్చింది. “మా నాయన రాసింది. ఏముందో చెప్పండి.”

ఏడవ తరగతి అమ్మాయి జాగ్రత్తగా మడతలు విప్పి, కూడబలుక్కొంటూ చదివింది. అది పెళ్లి ఖర్చుల పట్టిక. బియ్యం, బెల్లం, పసుపు కొమ్ములు, మేళగాళ్లకు బత్తెం. అంకెలు తెలుగు అంకెలు కావడం వల్ల అక్కడ మాత్రం నేను సాయపడ్డాను.

“ఇది మా అక్క పెళ్లి” అన్నది అవ్వ. “బెల్లం ఎంత అన్నావు? మళ్లీ చదువు పాపా.”

సందు చివర బస్సు హారను మోగింది. అమ్మాయి మొదటి నుండి మళ్లీ చదివింది.