ఆరుద్ర పురుగు చిత్రం

తొలకరి జల్లులకు నేల మెత్తబడగానే కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల చేలగట్ల మీద ఎర్రని మఖమల్ తునకల వంటివి కదలాడుతాయి. అవే ఆరుద్ర పురుగులు. ఆరుద్ర కార్తె నాటికి కనిపిస్తాయి గనుక వాటికా పేరు. పేరుకు పురుగే గాని అది కీటకం కాదు. కీటకాలకు ఆరు కాళ్లు. ఎదిగిన ఆరుద్ర పురుగుకు సాలీడుకు వలెనే ఎనిమిది. కంటికి ఎర్రని ముద్దగా తోచే ఆ దేహంలో కాళ్లను, వాటిపై నూగును విడదీసి చూపేది మాక్రో ఛాయాచిత్రం.

ఈ పద్ధతిలో వస్తువు ప్రతిబింబం కెమెరా సెన్సారుపై దాదాపు నిజ పరిమాణంలో పడుతుంది. అంత దగ్గర నుండి తీసినపుడు ఒకటి రెండు మిల్లీమీటర్ల మేరకే స్పష్టత ఉంటుంది. ముందుకాళ్లు తేటపడితే వీపు మసకబారుతుంది! అందుచేత ఛాయాగ్రాహకుడు తడినేలపై బోర్లా పడుకొని, ఊపిరి బిగబట్టి, కెమెరాను పురుగు ఎత్తుకు దించవలసి ఉంటుంది.

తాకితే అది కాళ్లు ముడుచుకొని కదలక ఉండిపోతుంది. పల్లెల్లో పెరిగిన వారికి ఆ ఆట తెలియనిది కాదు. చిత్రానికి అదే అనువని కొందరు పుల్లతో కదుపుతారు. అట్లా తీసిన చిత్రంలో రంగు ఉంటుంది, నడక ఉండదు. పైగా ఏడాదిలో అధికభాగం మన్నులోనే గడిపే ఆ ప్రాణికి ఆహారాన్ని, జతను వెతుక్కొనే వ్యవధి ఈ కొద్ది దినాలే. ఎండ ముదిరితే మళ్లీ నేలలోకి దిగిపోతుంది.