సిలోయము గోపురము: కీడును మానవ స్వేచ్ఛయు

పాఠభాగము: లూకా 13:1-9, 34

ప్రియులారా, మన గ్రామములలో ఒక యింట అకాలమరణము సంభవించినప్పుడు రెండు మాటలు వినబడును. “ఏ పాపము చేసికొనిరో” అనునది మొదటిది. “అంతయు దేవుని చిత్తము” అనునది రెండవది. మొదటి మాట దుఃఖించువారిని దోషులుగా చేయును. రెండవది దేవునినే దోషిగా చేయును. ఈ రెంటిని లేఖనపు వెలుగులో పరీక్షింతము.

1. రెండు విధములైన కీడు. బలులర్పించుచుండిన గలిలయులను కొందరిని పిలాతు చంపించెనను వార్త ప్రభువునొద్దకు తేబడెను. ఆయన మరియొక సంగతిని జ్ఞాపకము చేసెను: సిలోయములో గోపురము కూలి 18 మంది మరణించిరి. మొదటిది మనుష్యుడు తలపెట్టి చేసిన కీడు. రెండవదానిలో చంపదలచినవాడెవడును కనబడడు. ఈ రెంటియందును, చనిపోయినవారు తక్కినవారికంటె ఎక్కువ పాపులు కారని ప్రభువు తేటగా చెప్పెను. కాబట్టి శ్రమను చూచి పాపమును లెక్కకట్టు అధికారము మనకు లేదు.

2. మనుష్యుని స్వేచ్ఛ. “దేవుడు పిలాతు చేతిని ఏల పట్టుకొనలేదు?” అని అడుగుదుము. 34వ వచనము చూడుడి. కోడి పిల్లలను రెక్కలక్రింద దాచుకొనునట్లు యెరూషలేమును దాచుకొన గోరిన ప్రభువునకు, ఆ పట్టణము సమ్మతింపలేదు. జరుగునదంతయు దేవుడు కోరినదే యైనచో, ప్రభువుయొక్క ఆ వేదన నటన యగును. గుంజకు కట్టిన పశువు తప్పిపోదు. గాని అది యజమానునిమీది ప్రేమచేత నిలిచెనని ఎవరును చెప్పరు. ప్రేమింపగల స్వేచ్ఛయే ద్వేషింపగల స్వేచ్ఛయునై యున్నది.

3. గోపురము సంగతి యేమి? 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. అందులోని చంటిబిడ్డలు ఏ స్వేచ్ఛను దుర్వినియోగము చేసిరి? ఇందుకు పూర్తి జవాబు మనకియ్యబడలేదు. యోబునకును కారణము చెప్పబడలేదు. అయినను ఒకటి గమనింపుడి. 1990 మే నెలలో మరల ప్రచండమైన తుపాను కృష్ణా తీరమును తాకినప్పుడు మరణములు 1,000కి లోపుగా నుండెను. ముందుగా హెచ్చరించి, జనులను తీరమునుండి తరలించిరి. గాలి మన మాట వినదు. పొరుగువాని తలుపు తట్టుట మన చేతిలోనిదే. “దేవుని చిత్తము” అను మాట మన అశ్రద్ధకు ముసుగు కారాదు.

4. గడువు. కీడును దేవుడు నేడే పెరికివేయడేల? ఫలింపని అంజూరపు చెట్టునకు తోటమాలి ఇంకొక సంవత్సరము అడిగెను. కీడంతయు నేడే పెరికివేయబడినయెడల మనలో నిలుచువాడెవడు? ఆ గడువు దేవుని అశ్రద్ధ కాదు, మన మారుమనస్సుకొరకైన ఓర్పు.

తుదకు దీనిని మరువకుడి. గలిలయులను చంపించిన ఆ పిలాతు యెదుటనే మన ప్రభువును నిలిచెను. అప్పుడును తండ్రి ఆ చేతిని పట్టుకొనలేదు. మూడవ దినమున సమాధిని తెరచెను. కీడునకు కారణమంతయు మనకు తెలియదు గాని, దానిక్రింద మనతోకూడ నిలిచినవానిని ఎరుగుదుము.

ఆలోచనకు ప్రశ్నలు: దుఃఖించువారి యింట మనము ఏ మాట మానవలెను? ఈ నెలలో మనము తట్టవలసిన తలుపు ఎవరిది?